కృతజ్ఞత కానుకతో పుట్టిన నర్సుల బడి

మన సంఘాల్లో ఒక మంచి అలవాటు ఉంది. ఇంట్లో ఎవరైనా పెద్ద జబ్బు నుంచి కోలుకుంటే కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాస్టరుగారు వాక్యం చెబుతారు. కోలుకున్నవారు సాక్ష్యం చెబుతారు. ప్రార్థించిన వారందరికీ పేరుపేరునా వందనాలు చెప్పి భోజనాలు పెడతాం. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైతే తిరిగి వచ్చి ప్రభువు పాదాల దగ్గర సాగిలపడినవాడు ఒక్కడేనని మనకు తెలుసు. ఆ మిగిలిన తొమ్మిదిమందిలో ఉండకూడదని మన కోరిక.

అయినా ఈ సాక్ష్యాల్లో ఒక ఖాళీ చాలాకాలంగా కనిపిస్తోంది. పెద్ద డాక్టరుగారి పేరు వస్తుంది. రక్తం ఇచ్చిన అన్నయ్య పేరు వస్తుంది. రాత్రంతా సెలైన్ సీసాలు మార్చిన సిస్టరు పేరు మాత్రం రాదు. స్ట్రెచరు తోసిన తమ్ముడు, మంచం కింద తుడిచిన అమ్మ, 108 బండి నడిపిన డ్రైవరు ఎవరికీ గుర్తుండరు. వైద్యం జరిగింది ప్రభుత్వాసుపత్రిలో అయితే ఈ మరుపు ఇంకా ఎక్కువ. డబ్బు కట్టలేదు కనుక అక్కడ జరిగిన మేలుకు లెక్క ఉండదన్నట్టు మాట్లాడతాం.

ఈ మధ్య మా కుటుంబంలో పెద్దాయనకు అర్ధరాత్రి దాటాక గుండెనొప్పి వచ్చింది. 108 వచ్చింది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఒక్కరే, సిస్టర్లు ఇద్దరే, రోగులు మాత్రం వరండా దాకా ఉన్నారు. అయినా దించిన కొద్ది నిమిషాల్లోనే ఈసీజీ తీసి, రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి ప్రాణం నిలబడింది. తర్వాత వార్డులో గడిపిన రోజుల్లో ఆ సిబ్బంది ఎలా పనిచేస్తారో దగ్గరగా చూశాం. ఒక సిస్టరు ముప్పై మంచాలకు పైగా చూసుకుంటోంది. నీళ్లు తాగడానికి కూర్చోవడం కూడా మేము చూడలేదు. దేవునికి స్తోత్రం చెల్లించాం. వారికి మాత్రం ఎలా చెల్లించాలి? పళ్లబుట్ట, శాలువా సరిపోతాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితంలో ఒక సంగతి దొరికింది. దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగిన ఆమె బొమ్మ బడిపుస్తకాల్లో చూసినదే. జనం తనకు ఇచ్చిన కృతజ్ఞత కానుకను ఆమె ఏం చేసిందో మాత్రం అంతగా చెప్పుకోం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా ఆస్తిపరులు. ఒక ఇల్లు ఎండాకాలానికి, ఇంకో ఇల్లు చలికాలానికి అన్నంత సంపద. తండ్రి ఆమెకు గ్రీకు, లాటిన్, గణితం దగ్గర కూర్చోబెట్టి నేర్పించాడు. 1837 ఫిబ్రవరిలో, ఇంకా పదిహేడేళ్లు నిండకముందే, దేవుడు తనను తన సేవకు పిలిచాడని ఆమె రాసుకుంది. ఏ సేవకో మాత్రం ఆమెకు తెలియలేదు. తెలుసుకోవడానికి ఏళ్లు పట్టింది. తెలిశాక ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

ఆమె నర్సు కావాలనుకుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో నర్సు అంటే గౌరవం లేని పని. చదువు, శిక్షణ ఉండేవి కావు. తాగి వార్డులో పడి ఉంటారని చెడ్డపేరు. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్లి పని నేర్చుకుంటానని ఆమె అడిగితే ఇల్లంతా గగ్గోలైంది. పెళ్లి సంబంధాలు వచ్చాయి. తనకు ఇష్టమైన ఒక మంచి మనిషి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. చివరికి ఆయనకూ కాదనే చెప్పింది. ఇల్లు, పిలుపు రెండూ ఒకే చేతిలో ఇమడవని ఆమెకు అనిపించింది.

దారి చూపింది ఒక పల్లెటూరి పాస్టరు. జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊళ్లో థియోడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు, ఆయన భార్య 1836లో పరిచారకురాళ్ల సంస్థ పెట్టారు. కెంక్రేయ సంఘపు ఫీబే మాదిరిగా, సంఘంలోని స్త్రీలు రోగులకు, బీదలకు పరిచర్య చేయాలన్నది వారి ఉద్దేశం. 1850లో నైటింగేల్ అక్కడికి వెళ్లి చూసింది. 1851లో మూడు నెలలపాటు ఉండి పని నేర్చుకుంది. 1853లో లండనులో జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైంది. జీతం తీసుకోలేదు.

అప్పుడు క్రిమియా యుద్ధం వచ్చింది. రష్యా మీద ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీ కలిసి పోరాడుతున్నాయి. గాయపడిన ఇంగ్లీషు సైనికులను సముద్రం దాటించి, నేటి ఇస్తాంబుల్‌కు ఎదురుగా ఉన్న స్కుటారికి చేరుస్తున్నారు. అక్కడి ఆసుపత్రిలో కట్టుగుడ్డలు కూడా లేవని లండను పత్రికల్లో వార్తలు వచ్చాయి. యుద్ధశాఖ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెను పంపాడు. 1854 అక్టోబరు 21న ఆమె 38 మంది స్త్రీలతో బయలుదేరింది. వారిలో రోమన్ కాథలిక్ కన్యస్త్రీలు, ఆంగ్లికన్ సిస్టర్లు, జీతానికి పనిచేసే ఆసుపత్రి నర్సులు కూడా ఉన్నారు. ఒక సంఘంవారి పక్కన ఇంకో సంఘంవారు కూర్చోవడమే వింతగా ఉన్న రోజులవి.

స్కుటారి ఆసుపత్రి అసలు ఆసుపత్రే కాదు. సైనికుల బారకాసులు. నడవాల్లో వరసగా, మైళ్ల పొడవున పరుపులు వేశారు. భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. సైనిక వైద్యులకు ఈ స్త్రీలు రావడం నచ్చలేదు. పిలవకుండా ఒక్క మంచం దగ్గరకు కూడా వెళ్లవద్దని ఆమె తన నర్సులకు గట్టిగా చెప్పింది. కట్టుగుడ్డలు కుడుతూ కూర్చున్నారు. కొద్ది రోజుల్లోనే క్షతగాత్రులు ఓడల కొద్దీ వచ్చిపడ్డారు. అప్పుడు వైద్యులే పిలిచారు.

ఆమె మొదట తెప్పించిన వాటిలో 200 నేల తోమే బ్రష్షులు ఉన్నాయి. తర్వాత ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, నీళ్లు కాచే పెద్ద బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు కూలి ఇచ్చి దుప్పట్లు, చొక్కాలు ఉతికించింది. వంటగదులు ఏర్పరచింది. చనిపోయిన సైనికుల తల్లులకు ఉత్తరాలు రాసింది. రాత్రులు మడతపెట్టే టర్కీ లాంతరు పట్టుకుని వార్డులన్నీ తిరిగేది. మనకు తెలిసిన దీపం కథ ఇదే.

కానీ ఆ మొదటి చలికాలంలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో దాదాపు 42 మంది చనిపోతున్నారు. మార్చిలో ప్రభుత్వం పంపిన ఆరోగ్య సంఘం వచ్చింది. ఇంజనీరు మురుగు కాలువలను కడిగించాడు. నీళ్లు వచ్చే కాలువలో కుళ్లుతున్న జంతువుల కళేబరాలను తీయించాడు. గాలి ఆడేలా చేయించాడు. వేసవి వచ్చేసరికి మరణాలు వందకు రెండుకు దిగాయి. నర్సుల ప్రేమకు, వారి జాగారానికి తోడు శుభ్రమైన నీళ్లు, నడిచే మురుగు కాలువ వచ్చాకే ప్రాణాలు నిలిచాయి. యుద్ధం ముగిశాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలు వేసినప్పుడు ఈ సత్యం ఆమెకు పూర్తిగా అర్థమైంది. తూటా తగిలి చనిపోయినవారి కంటే మురికివల్ల వచ్చిన రోగాలతో చనిపోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ లెక్కను మంత్రులకు, రాణికి ఒక్క చూపులో తెలిసేలా రంగుల వలయపు బొమ్మలు గీయించింది. 1858లో గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. అంతకుముందు ఏ స్త్రీకీ ఆ స్థానం దక్కలేదు.

ఇక కానుక సంగతి. ఆమె ఇంకా స్కుటారిలో ఉండగానే, 1855 నవంబరు 29న లండనులో పెద్ద సభ జరిగింది. దేశం తరఫున ఆమెకు కృతజ్ఞత చూపాలని నిధి ప్రారంభించారు. పెద్దలు ఇచ్చారు, సామాన్యులు ఇచ్చారు. సైనికులు తమ ఒక రోజు జీతం ఇచ్చారు. మొత్తం 44,000 పౌండ్లకు పైగా పోగైంది. ఆ కాలానికి అది చాలా పెద్ద సొమ్ము.

1856 ఆగస్టులో ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. స్వాగత సభలు, ఊరేగింపులు సిద్ధంగా ఉన్నాయి. ఆమె మారుపేరుతో ప్రయాణం చేసి, ఎవరికీ చెప్పకుండా, స్టేషను నుంచి నడిచి ఇల్లు చేరింది. క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను వదల్లేదు. 1857 తర్వాత చాలా ఏళ్లు గదిలోనే, ఎక్కువగా మంచం మీదనే గడిపింది. నివేదికలు, వేలాది ఉత్తరాలు ఆ మంచం మీద నుంచే వెళ్లాయి.

నిధి సొమ్ములో తన కోసం ఆమె ఏమీ ఉంచుకోలేదు. దానితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ బడి పెట్టించింది. మొదటి జట్టులో చేరినవారు పదిహేనుమంది. ఏడాది శిక్షణ. ఉండటానికి గది, భోజనం, చేతి ఖర్చు బడే ఇచ్చేది. ఉపన్యాసాలు వినాలి, వార్డులో పనిచేయాలి, చూసినది రాసిపెట్టాలి. తన గదినుంచే ఆమె వారి పురోగతిని తెలుసుకుంటూ, ఏటా వారికి ఉత్తరాలు రాసేది. నర్సు పని చదువుకుని చేసే గౌరవమైన వృత్తి అని లోకం ఒప్పుకోవడానికి ఈ బడి పెద్ద కారణం. ఒక మనిషికి దక్కిన కృతజ్ఞత ఆ పని చేసే వారందరి సొత్తు అయింది.

ఆ బడి ఫలం బీదల ఆసుపత్రికి చేరిన తీరు కూడా చెప్పుకోవాలి. అప్పట్లో బీదలకు జబ్బు చేస్తే ప్రజల పన్నుతో నడిచే నిరుపేదల వసతిగృహమే దిక్కు. లివర్‌పూల్‌లో అలాంటి పెద్ద గృహంలో వెయ్యిమందికి పైగా రోగులు ఉండేవారు. వారిని చూసేది అక్కడే ఉండే తోటి నిరుపేదలు. శిక్షణ లేదు. చాలామందికి తాగుడు అలవాటు. విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి తన డబ్బు పెడతానన్నాడు. 1865 మే నెలలో ఆగ్నెస్ జోన్స్ అనే యువతి, నైటింగేల్ బడిలో నేర్చుకున్న పన్నెండుమంది నర్సులు అక్కడ పని మొదలుపెట్టారు. ఐర్లండుకు చెందిన ఆగ్నెస్ గట్టి విశ్వాసి. ఆమె కూడా కైజర్స్‌వెర్త్‌లో నేర్చుకున్నదే. మూడేళ్లు తిరగకముందే, 1868 ఫిబ్రవరిలో, వార్డులోనే అంటుకున్న టైఫస్ జ్వరంతో ముప్పై అయిదేళ్ల వయసులో చనిపోయింది. రోగులకు ఆమె ఇచ్చినది మాత్రం ఆగిపోలేదు.

బీదవాడు జబ్బుపడితే అతణ్ణి బీదవాడిగా కాక బాధలో ఉన్న తోటిమనిషిగా చూడాలనీ, రోగులను వసతిగృహాల నుంచి వేరుచేసి అందరి పన్నుతో సరైన ఆసుపత్రులు నడపాలనీ నైటింగేల్ ప్రభుత్వంతో వాదించింది. 1867లో లండను బీదల కోసం వచ్చిన చట్టం ఆమె కోరినంత ఇవ్వలేదు. అయినా అది తొలి మెట్టు. చీటీ రాయించుకుంటే చాలు, ఎవరికైనా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి అనే ఆలోచన వెనుక ఇలాంటి మెట్లు చాలా ఉన్నాయి.

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. కానీ దాదాపు నలభై ఏళ్లు మన దేశపు ఆరోగ్యం గురించి పనిచేసింది. ఇక్కడి సైన్యంలో ప్రతి వెయ్యిమంది ఇంగ్లీషు సైనికుల్లో ఏటా 69 మంది చనిపోతున్నారని 1863లో వచ్చిన రాయల్ కమిషను నివేదిక చెప్పింది. ఆ నివేదిక వెనుక ఉన్నది ఆమె శ్రమే. సైనికుల లెక్కతో మొదలుపెట్టి, ఊళ్లలో మంచినీళ్లు, మురుగు, రైతు ఆకలి దాకా ఆమె ఆలోచన విస్తరించింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి గోదావరి డెల్టాను పచ్చగా చేసిన మన కాటన్ దొర వాదనను ఆమె గట్టిగా సమర్థించింది. 1870ల కరవులో మద్రాసు రాజధాని అల్లాడుతున్నప్పుడు, కాలువలు తవ్వితే ప్రాణాలు దక్కుతాయని లండనులో రాసింది. తిండి లేనివాడికి మందు ఏం చేస్తుందన్నది ఆమె బాధ.

ఆమెను దేవతను చేయనక్కరలేదు. సంఘ బోధల విషయంలో ఆమె ఆలోచనలు అందరితో కలిసేవి కావు. మాట కఠినం, తనతో పనిచేసేవారిని అలసిపోయేదాకా పనిచేయించేది. నర్సుల పేర్లు ప్రభుత్వ పట్టికలో నమోదు చేయాలని తోటివారు అడిగితే వ్యతిరేకించింది. ఇంకో సంగతి. ఆ యుద్ధంలోనే మేరీ సీకోల్ అనే జమైకా స్త్రీ, అధికారులు తీసుకోకపోయినా సొంత ఖర్చుతో వెళ్లి సైనికులకు తిండి, మందు ఇచ్చింది. ఆ తరంవారు ఆమెను మెచ్చుకున్నారు. తర్వాత లోకం చాలాకాలం మరచిపోయింది. ఒక దీపం బొమ్మ వెనుక ఎన్ని చేతులు కనపడకుండా పోతాయో ఆమెను చూస్తే తెలుస్తుంది.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే గౌరవం నైటింగేల్‌కు వచ్చింది. దాన్ని అందుకున్న మొదటి స్త్రీ ఆమే. అప్పటికి చూపు పోయింది. 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ల వయసులో కన్నుమూసింది. రాజులను, మహాకవులను సమాధి చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటు ఇస్తామంటే కుటుంబంవారు వద్దన్నారు. ఆడంబరం వద్దని ఆమే కోరింది. తమ ఊరి చిన్న చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన పెట్టారు. రాతిమీద పేరు కూడా పూర్తిగా లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే. ఆమె పుట్టిన మే 12ను నేడు లోకమంతా నర్సుల దినంగా జరుపుకుంటోంది. మన కేంద్ర ప్రభుత్వం 1973 నుంచి ఆమె పేరుతోనే ఉత్తమ నర్సులకు పురస్కారం ఇస్తోంది.

ప్రియమైన పాఠకులారా, మొదట అడిగిన ప్రశ్నకు ఈ జీవితం చెప్పే జవాబు ఒకటే. మేలు చేసిన వారికి కృతజ్ఞత చెప్పడమంటే వారి పని బరువు తగ్గించడం. వారి చేతికి బలమివ్వడం. పళ్లబుట్ట ఇచ్చినందుకు సిస్టరు నవ్వుతుంది. ముప్పై మంచాలకు ఒక్కరే ఎందుకున్నారని మన ఎమ్మెల్యేను అడిగితే రాబోయే రోగి బతుకుతాడు. కరోనా రోజుల్లో 2020 మార్చి 22న చప్పట్లు కొట్టాం, పళ్లాలు మోగించాం. ఆ చప్పుడు ఆగాక వారి గదిలో ఫ్యాను తిరుగుతోందా, మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా అని ఎవరు చూశారు? స్కుటారిలో ప్రాణాలు నిలిపింది ఆ నీళ్లే కదా.

సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. వచ్చే కృతజ్ఞత కూడికలో ఆ వార్డు సిస్టరు పేరు, ఊడ్చిన అమ్మ పేరు కనుక్కుని ప్రార్థనలో చెప్పండి. వీలైతే వారినీ భోజనానికి పిలవండి. కూడిక కానుకలో కొంత తీసిపెట్టి, సూపరింటెండెంటుగారిని కలిసి వార్డుకు ఏం కావాలో అడగండి. చక్రాల కుర్చీ కావచ్చు, రోగుల వెంట వచ్చేవారికి బల్ల కావచ్చు, తాగునీటి కుళాయి కావచ్చు. యవ్వనస్థుల కూటంవారు ఏడాదికి రెండుసార్లు రక్తదానం చేయవచ్చు. నర్సింగు చదవాలని ఉండి ఫీజు లేక ఆగిపోయిన మన బీద బిడ్డ ఒకరికి సంఘం చేయూతనిస్తే, అది నైటింగేల్ నిధికి చిన్న తమ్ముడే.

ఇంకో మాట. రోగి చనిపోయాడన్న దుఃఖంలో డాక్టరు మీద, నర్సు మీద చేయి చేసుకున్న వార్తలు తరచుగా వస్తున్నాయి. అలాంటి చోట విశ్వాసి అడ్డుగా నిలబడాలి. సువార్త రాసిన లూకా వైద్యుడని మరువకూడదు.

చివరగా, మన మధ్యనే ఉన్నవారి సంగతి. ఒక్క స్టాఫ్ నర్సు కూడా లేని సంఘం అరుదు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా ఆరాధనకు వచ్చి, వెనుక బెంచీలో కునుకుతున్న అక్కను చూసి విసుక్కోకండి. రెండు ఆదివారాలు రాలేదేమని నిలదీయకండి. ఆమె ఆ ఆదివారం ఎవరి మంచం దగ్గర నిలబడిందో ప్రభువుకు తెలుసు. ఈ వారం సంఘప్రార్థనలో ఆమెను నిలబెట్టి, పేరు పెట్టి, ఆమె కోసం ప్రార్థించండి. ఆమె ఆసుపత్రిలో ఏం కొరవడిందో ఆమె నోటనే అడిగి రాసుకోండి. మన కృతజ్ఞతను ఆ కాగితం నుంచే మొదలుపెడదాం.